దస్త్రానికెక్కిన పేరు: ఆడాల్ఫ్ దోబ్రియాన్‌స్కీ, రుసిన్ల జాతీయ పునరుజ్జీవనం

(స్మారకోపన్యాస పాఠం)

కార్పేథియన్ పర్వతాల రెండు వాలుల మీదా తరతరాలుగా బతుకుతూ, తమదంటూ చెప్పుకొనే రాజ్యం స్థిరంగా ఏనాడూ ఏర్పడని ఒక తూర్పు స్లావిక్ జనసముదాయానికి రుసిన్లని పేరు. స్లావిక్ భాషలలో తూర్పు శాఖ అంటే రష్యన్, ఉక్రేనియన్, బెలారుసియన్ భాషలున్న శాఖ. రుసిన్ల వాడుక భాష ఆ శాఖకే చెందినప్పటికీ, స్లొవాక్, పోలిష్, హంగేరియన్ భాషల పొరుగున పెరిగినందువల్ల ఆ భాషల పలుకుబళ్లను కూడా తనలో కలుపుకొన్నది. వారి నేల ఈనాడు స్లొవేకియా ఈశాన్య భాగానికి, ఉక్రెయిన్‌లోని ట్రాన్స్‌కార్పేథియాకు, పోలండ్ ఆగ్నేయ మూలకు పంపకమై ఉన్నది. పందొమ్మిదో శతాబ్దంలోనైతే దక్షిణపు వాలు హంగరీ రాజ్యంలోను, ఉత్తరపు వాలు ఆస్ట్రియా పాలనలోని గలీసియాలోను ఉండి, రెండూ ఒకే హాబ్స్‌బర్గ్ చక్రవర్తి ఏలుబడి కింద ఉండేవి. హంగరీ వైపున్న రుసిన్లకు రాజకీయ నాయకుడుగా నిలిచిన తొలి వ్యక్తి ఆడాల్ఫ్ దోబ్రియాన్‌స్కీ (1817–1901).

ఆయన జీవితాన్ని చదివే వారికి మొదటినుంచి ఎదురయ్యే చిక్కు ఒకటున్నది. రుసిన్ల భాషకు పాఠశాలలోను కచేరీలోను చోటు కావాలని ప్రభుత్వాన్ని అడిగినవాడే, ఆ భాష స్వతంత్ర సాహిత్య భాష కాగలదని నమ్మలేదు; రుసిన్లు ఒక జాతి అని చట్టసభలో వాదించినవాడే, వారు విశాలమైన రష్యన్ జాతిలో ఒక కొమ్మ అని జీవితాంతం విశ్వసించాడు. ఈ రెంటినీ విడదీసి ఒకదాన్నే చూసినవారు ఆయనను దేశభక్తుడుగానో, పరాయి సామ్రాజ్యపు పక్షపాతిగానో తేల్చివేశారు. రుసిన్లు ఎవరన్న ప్రశ్నకు ఆయన చెప్పిన జవాబు కాలక్రమంలో చెల్లకుండా పోయిందని, ఆ ప్రశ్నను ప్రభుత్వ దస్త్రానికి ఎక్కించడానికి ఆయన కనిపెట్టిన మార్గం మాత్రం నిలిచిందని చూపడం ఈ ఉపన్యాసం ఉద్దేశం.

మతం పేరు, జాతి పేరు

దోబ్రియాన్‌స్కీ పుట్టేనాటికి కార్పేథియన్ల దక్షిణాన రుసిన్లను ఒక సముదాయంగా నిలిపి ఉంచిన సంస్థ చర్చి ఒక్కటే. 1646లో ఉజ్‌హొరోద్ పట్టణంలో కుదిరిన ఒప్పందం ప్రకారం అక్కడి ఆర్థడాక్స్ పూజారులు కొందరు రోమ్‌లోని పోపు అధికారాన్ని అంగీకరించి, తమ ప్రార్థనాపద్ధతిని, చర్చి స్లావొనిక్ అనే ప్రాచీన ఆరాధన భాషను, పూజారులు పెళ్లి చేసుకొనే ఆచారాన్ని మాత్రం నిలుపుకొన్నారు. ఈ శాఖకే తరువాత గ్రీక్ కాథలిక్ చర్చి అని పేరు వచ్చింది. ఊళ్లలో రైతులు జమీందార్ల కింద వెట్టి చేసే అర్ధబానిసలు, పట్టణాలలో అధికారులు హంగేరియన్ లేక జర్మన్ మాట్లాడేవారు. అందుచేత చదువుకొన్న రుసిన్ అంటే పూజారి, కాకుంటే పూజారి కొడుకు. ఆ రోజుల్లో సామాన్యుణ్ణి నీవెవరివని అడిగితే మతం పేరో, ఊరి పేరో, ప్రభువు పేరో చెప్పేవాడు తప్ప జాతి పేరు చెప్పవలసిన అవసరం అతనికి కలగలేదు.

1817 డిసెంబరు 19న జెంప్లీన్ కౌంటీలోని, అంటే నేటి తూర్పు స్లొవేకియాలోని, రుద్‌లోవ్ గ్రామంలో దోబ్రియాన్‌స్కీ ఒక గ్రీక్ కాథలిక్ పూజారి ఇంట పుట్టాడు. కౌంటీ అనేది హంగరీలో ప్రభువర్గం తన సభల ద్వారా నడుపుకొనే జిల్లా. దాని స్వభావం తెలిసి పెరగడం ఆయనకు ముందుముందు చాలా ఉపయోగపడింది. కొషిత్సెలో తత్వశాస్త్రమూ, ఎగెర్‌లో న్యాయశాస్త్రమూ చదివిన తరువాత, తండ్రి వృత్తివైపు వెళ్లకుండా, బాన్‌స్కా ష్టియావ్నిత్సాలోని ప్రసిద్ధ గనుల అకాడమీలో చేరి గనుల ఇంజినీరు అయ్యాడు. ఇది చిన్న మలుపు కాదు. రుసిన్ల మేలు కోరిన అంతకుముందటి విద్యావంతులు ప్రసంగంతో, ప్రార్థనా పుస్తకంతో పని చేయగా, ఈయన చేతికి చట్టమూ పటమూ కొలతా వచ్చాయి. పైగా ఆ గనుల పట్టణం స్లొవాక్‌ల మధ్య ఉండడంతో, హంగరీలో రుసిన్లలాగే గుర్తింపు కరువైన మరో స్లావిక్ జాతి కష్టసుఖాలు ఆయనకు దగ్గరగా తెలిశాయి.

అదే కాలంలో హంగరీలో భాషారాజకీయం వేడెక్కింది. శతాబ్దాలుగా లాటిన్‌లో నడిచిన రాజ్య వ్యవహారం 1844 చట్టంతో హంగేరియన్‌లోకి మారింది. హంగేరియన్ మాట్లాడే జాతిని మజ్యార్లు అంటారు. ఇతర జాతులను భాషలోను భావనలోను మజ్యార్లుగా మార్చే విధానానికి మజ్యారీకరణ అని పేరు. లాటిన్ ఎవరి తల్లిభాషా కాదు కనుక దాని కింద అన్ని జాతులవారూ ఒకే విధంగా పరాయివారు. హంగేరియన్ ఆ స్థానంలోకి రాగానే ఒక జాతికి సొంత ఇల్లయినది తక్కినవారికి అద్దె ఇల్లయింది. ఆ పరిస్థితికి సాహిత్యం వైపునుంచి స్పందించినవాడు ప్రెషోవ్ నగరపు గ్రీక్ కాథలిక్ పూజారి అలెగ్జాండర్ దుహ్నోవిచ్ (1803–1865). ఆయన 1847లో పిల్లల కోసం జనం మాటకు దగ్గరైన భాషలో ఒక మొదటి వాచకాన్ని వెలువరించాడు. దుహ్నోవిచ్ బడిని, దోబ్రియాన్‌స్కీ కచేరీని పట్టుకొన్నారని చెప్పుకొంటే, ఆ తరం చేసిన పని విభజన అర్థమవుతుంది.

అయిదు నెలల జిల్లా

1848 విప్లవం ఇద్దరి దారినీ మార్చింది. కొషూత్ నాయకత్వాన హంగరీ వియన్నాపై తిరగబడి వెట్టిచాకిరిని రద్దు చేసింది. అదే ఊపులో హంగరీ హద్దుల్లోని జాతులన్నీ ఒకే రాజకీయ జాతి అన్న సూత్రాన్నీ ముందుకు తెచ్చింది. ఆ ఏడాది చట్టసభ ఎన్నికల్లో బాన్‌స్కా ష్టియావ్నిత్సాలో దోబ్రియాన్‌స్కీ ప్రయత్నం, ఆయన పాన్‌స్లావిస్టు అన్న ఆరోపణ నడుమ, ఫలించలేదు. స్లావిక్ జాతులన్నీ ఒక్కటిగా నిలవాలన్న భావనను పాన్‌స్లావిజం అంటారు. హంగరీలో ఆ మాట వాదానికి పేరుగా ఉండడం మాని, తమ భాష కోసం నోరు తెరిచిన ప్రతి స్లావ్ మీదా వేసే ముద్రగా మారింది. ఆ ముద్ర ఆయనను చివరిదాకా విడవలేదు.

తిరుగుబాటు పాలనలో నిలవలేక దోబ్రియాన్‌స్కీ పర్వతాలు దాటి గలీసియాకు వెళ్లి, 1848 మే నెలలో ల్వివ్ నగరంలో ఏర్పడిన రుసిన్ల ప్రధాన మండలితో సంబంధం పెట్టుకొన్నాడు. పర్వతానికి అటూ ఇటూ ఉన్న రుసిన్లను ఒకే పాలనా విభాగంగా కలపాలన్న కోరిక అక్కడే రూపు కట్టింది. 1849 వేసవిలో తిరుగుబాటును అణచడానికి రష్యా చక్రవర్తి పంపిన పెద్ద సైన్యం పాస్కెవిచ్ సేనాపత్యంలో దుక్లా కనుమ గుండా హంగరీలోకి దిగగా, దానికీ ఆస్ట్రియా ప్రభుత్వానికీ నడుమ పౌర ప్రతినిధిగా వియన్నా ఆయనను నియమించింది. ఈ సంఘటన రుసిన్ల మనసుల మీద వేసిన ముద్ర సైనిక ఫలితం కంటే లోతైనది: అప్పటివరకూ పొరుగువారిచేత పల్లెమాటగా తీసిపారేయబడిన తమ భాషకు దగ్గరగా మాట్లాడే ఒక మహాసైన్యం, తమ గుళ్లలో వినిపించే ప్రార్థనలనే చదివే సైనికులతో, తమ ఊళ్ల మీదుగా నడిచి వెళ్లింది. తమ వెనుక ఒక పెద్ద అన్న ఉన్నాడన్న ధైర్యం, ఆ అన్న నీడలోనే తమకు రక్షణ అన్న భ్రమ రెండూ ఒకేసారి ఆనాడు పుట్టాయి. దోబ్రియాన్‌స్కీ తరువాతి భాషాసిద్ధాంతానికి పునాది గ్రంథాలలో కంటే ఈ అనుభవంలోనే ఉన్నది.

ఆగస్టులో హంగరీ సైన్యం లొంగిపోయిన తరువాత, అక్టోబరులో దోబ్రియాన్‌స్కీ నాయకత్వాన ఒక ప్రతినిధి బృందం వియన్నా వెళ్లి యువ చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్‌కు హంగరీ రుసిన్ల తరఫున విజ్ఞప్తి పత్రాన్ని సమర్పించింది. రుసిన్లను ప్రత్యేక జాతిగా గుర్తించడం, వారుండే ప్రాంతాన్ని వేరు జిల్లాగా ఏర్పరచడం, బడుల్లోను కచేరీల్లోను వారి భాషను వాడడం, ఉద్యోగాల్లో వారిని తీసుకోవడం అందులోని ప్రధాన కోరికలు. గమనించవలసినది ఆ పత్రం వాడిన వాదన. అదే ఏడాది మార్చిలో చక్రవర్తి ప్రకటించిన రాజ్యాంగం జాతులన్నిటికీ సమాన హక్కులని చెప్పింది. పాత కీర్తిని, రాజుల వంశావళిని ఏకరువు పెట్టి దయచూపమని వేడుకొనే పద్ధతిని పక్కనబెట్టి, ప్రభువు ఇచ్చిన మాటను ప్రభువుకే చూపించి దాన్ని అమలు చేయమని అడగడం రుసిన్ల చరిత్రలో కొత్త.

దాని ఫలితంగా ఉంగ్, బెరెగ్, ఉగొచా, మారమరోష్ అనే నాలుగు కౌంటీలతో ఉజ్‌హొరోద్ కేంద్రంగా ఒక జిల్లా ఏర్పడింది. దాన్నే జనం రుసిన్ల జిల్లా అనుకొన్నారు. జిల్లా అధిపతి మరొకరైనా పాలనలో పనిచేసిన చేయి దోబ్రియాన్‌స్కీదే. ఆయన రుసిన్లను ఉద్యోగాల్లో నియమించాడు, పట్టణంలో రెండు భాషల బోర్డులు పెట్టించాడు, ఉజ్‌హొరోద్ జిమ్నాసియంలో, అంటే ఉన్నత పాఠశాలలో, రుసిన్ బోధనకు చోటు కల్పించాడు. 1849 నవంబరులో మొదలైన ఈ ఏర్పాటు 1850 మార్చిలో పాలనా వ్యవస్థను మళ్లీ మార్చడంతో ముగిసింది. అయిదు నెలలు ఒక జాతి జీవితంలో లెక్కలోకి వచ్చే కాలం కాదు. అయినా బోర్డు మీద తమ లిపిని, బల్ల వెనుక తమవాణ్ణి చూసిన రైతుకు, ఇది జరగగల విషయమేనని ఆ అయిదు నెలల్లోనే తెలిసింది. ఆ తరువాత వచ్చిన కోరికలన్నీ ఊహ మీద కాక జ్ఞాపకం మీద నిలబడ్డాయి.

ఒకే జాతి అన్న చట్టం

1850లలో వియన్నా హంగరీని నేరుగా పాలించిన కాలంలో దోబ్రియాన్‌స్కీ కొషిత్సె, నాజ్‌వారద్ (నేటి రుమేనియాలోని ఒరాదియా), బుదా నగరాల్లో ఉన్నతోద్యోగాలు చేశాడు. ఓడిన హంగరీలో విజేత తరఫున ఉద్యోగం చేయడం ఆయనపై మజ్యార్ల ద్వేషాన్ని పెంచింది. ఆ ద్వేషంలో న్యాయం బొత్తిగా లేదనడానికీ వీలులేదు, ఎందుకంటే జాతుల హక్కుల కోసం నమ్ముకొన్న ఆ వియన్నాయే అన్ని జాతుల మీదా నిరంకుశంగా అధికారం చలాయిస్తున్నది. చిన్న జాతికి పెద్ద పొరుగు నుంచి రక్షణ దొరకాలంటే మరింత పెద్ద శక్తి అండ కావాలి, ఆ అండ కోసం వెళ్లినవాడు ఆ శక్తి చేసే అన్యాయంలోనూ వాటాదారు కాక తప్పదు. దోబ్రియాన్‌స్కీ రాజకీయంలోని తొలి బలహీనత ఇది.

1861లో రాజ్యాంగ పాలన కొంత తిరిగి రాగా ఆయన హంగరీ చట్టసభకు ఎన్నికైనా, ఆ సభలో కూర్చోనివ్వలేదు. అప్పుడాయన సభలో చేయవలసిన ప్రసంగాన్ని వియన్నాలో జర్మన్ భాషలో అచ్చువేయించి, సభ వినకపోయినా దేశం చదివేట్టు చేశాడు. హంగరీని జాతుల ప్రాతిపదికన అయిదు మండలాలుగా ఏర్పాటు చేయాలన్నది ఆయన రాజకీయ ఆలోచనకు సారం: రుసిన్లకు, స్లొవాక్‌లకు, సెర్బులకు, రుమేనియన్లకు ఒక్కొక్కటి, మజ్యార్లకూ జర్మన్లకూ కలిపి ఒకటి. దేశాన్ని చీల్చకుండానే ప్రతి జాతికీ తన భాషలో పాలన అందే హద్దును గీయాలన్న ఈ ఆలోచనలో గనుల ఇంజినీరు పటం గీసే అలవాటు కనబడుతుంది. ఆ సంవత్సరాల్లోనే స్లొవాక్ నాయకులతో చేయి కలిపి, 1863లో మార్టిన్ పట్టణంలో వెలసిన స్లొవాక్‌ల సాంస్కృతిక సంస్థ మతిత్సా స్లొవెన్‌స్కా స్థాపకులలో ఒకడయ్యాడు.

1865 నుంచి 1868 వరకు ఆయన చట్టసభలో నిజంగానే కూర్చొన్నాడు. ఆ సభ కాలంలోనే 1867లో వియన్నా, హంగరీ ప్రభువర్గం రాజీ కుదుర్చుకొని సామ్రాజ్యాన్ని రెండుగా పంచుకొన్నాయి. దానితో హంగరీలోని జాతుల భవితవ్యం పూర్తిగా బుదాపెస్త్ చేతికి వెళ్లింది. 1868 జాతుల చట్టాన్ని రూపొందించినవారు దేఆక్, ఎత్వెష్ వంటి ఉదారవాదులు; ఆనాటి ఐరోపా ప్రమాణాలతో చూస్తే అది గ్రామ పాలనలో, ప్రాథమిక బడిలో, చర్చిలో తల్లిభాషకు తగినంత చోటిచ్చిన చట్టం. అయితే దాని పీఠికలోనే హంగరీ పౌరులందరూ రాజకీయంగా విడదీయరాని ఒకే హంగేరియన్ జాతి అన్న సూత్రం ఉన్నది. దోబ్రియాన్‌స్కీ అభ్యంతరం సరిగ్గా అక్కడే: హక్కు వ్యక్తికి దొరికింది, సముదాయానికి దొరకలేదు. వ్యక్తి తన భాషలో అర్జీ పెట్టుకోవచ్చు, కాని అతని జాతికి చట్టం దృష్టిలో ఉనికి లేదు; ఉనికి లేనిదాని తరఫున ఫిర్యాదు చేయడానికి ఎవరికీ అర్హత లేదు. తరువాతి దశాబ్దాలలో ఆ చట్టం ఇచ్చిన కొద్దిపాటి హక్కులు కూడా అమలు కాకుండా పోయి, ముఖ్యంగా 1907 విద్యాచట్టాలతో రుసిన్ బడులు దాదాపు కనుమరుగైనప్పుడు, అడ్డుకోగల సంస్థ ఏదీ లేకపోవడం ఆయన వాదనలోని ముందుచూపును రుజువు చేసింది.

సంఘాలు, భాష

చట్టసభలో దొరకని సముదాయ రూపాన్ని దోబ్రియాన్‌స్కీ సంఘాలలో వెతికాడు. 1862లో దుహ్నోవిచ్‌తో కలిసి ప్రెషోవ్‌లో యోహాను పేరిట ఒక సంఘాన్ని స్థాపించి, బీద విద్యార్థులకు చదువు సాగే ఏర్పాటు చేశాడు. 1866లో ఉజ్‌హొరోద్‌లో మొదలైన సంత్ బాసిల్ సంఘానికి పూజారుల తరఫున ఇవాన్ రకోవ్‌స్కీ, గృహస్థుల తరఫున దోబ్రియాన్‌స్కీ అధ్యక్షులయ్యారు. పాఠ్యపుస్తకాల ప్రచురణ దాని ముఖ్యమైన పని, 1867లో మొదలైన స్విత్ అనే పత్రిక దాని వాణి.

ఆ పత్రిక భాషలోనే ఉద్యమపు లోపం దాగి ఉన్నది. ఊళ్లలో మాట్లాడే రుసిన్‌ను వీరు సాహిత్యానికి తగని మాండలికంగా ఎంచి, సాహిత్య రష్యన్‌ను ఆదర్శంగా పెట్టుకొన్నారు. రష్యన్ బాగా రానివారు రాసినప్పుడు చర్చి స్లావొనిక్, రష్యన్, ఊరిమాట మూడూ కలిసిన ఒక గ్రాంథిక మిశ్రమం తయారయ్యేది. విమర్శకులు దాన్ని యజీచియే అని ఎగతాళి చేశారు. దోబ్రియాన్‌స్కీ తర్కం స్పష్టమే: కొద్ది లక్షల మంది పర్వతజనం తమ భాషనే నమ్ముకొంటే మజ్యారీకరణ ముందు నిలవలేరు, కోట్ల మంది చదివే భాషను తమదిగా చెప్పుకొంటే వారిని ఎవరూ చిన్నచూపు చూడలేరు. కాని ఆ తర్కంలో రైతు తప్పిపోయాడు. హంగేరియన్ అర్థం కానివాడికి రష్యన్ పత్రిక కూడా అర్థం కాలేదు. ఎవరి భాష కోసం కచేరీలో పోరాడారో వారికే తమ పత్రిక చేరలేదు. గలీసియాలో వాడుక భాషను చేపట్టిన ఉక్రేనియన్ పక్షం పల్లెల్లో పెరిగి, రష్యన్ ఆదర్శాన్ని పట్టుకొన్న పక్షం క్రమంగా తరిగిపోవడానికి ఉన్న కారణాలలో ఇదొకటి.

బయటి ఒత్తిడి కూడా తోడైంది. 1867లో ముకాచేవో బిషప్పయిన స్తెఫాన్ పాంకోవిచ్ బుదాపెస్త్‌కు అనుకూలుడు కావడంతో సంఘం నాయకత్వానికి చర్చిలోపలే ఎదురుదెబ్బ తగిలింది. చర్చి నీడ తప్ప వేరే ఆశ్రయం లేని ఉద్యమం ఆ నీడ తొలగిన రోజున ఎండలో పడింది. 1871లో స్విత్ ఆగిపోయింది. అదే ఏడాది ఉజ్‌హొరోద్ వీధిలో దోబ్రియాన్‌స్కీ బండిపై దాడి జరిగి, ఆయనకు బదులు కొడుకు మిరొస్లావ్ తీవ్రంగా గాయపడ్డాడు. ఆ తరువాత ఆయన ప్రజాజీవితం నుంచి తొలగి చెర్తిజ్నె గ్రామంలోని తన ఎస్టేటుకు చేరాడు.

ల్వివ్ న్యాయస్థానం, ఇన్స్‌బ్రుక్ ఇల్లు

ఏకాంతం ఎక్కువకాలం సాగలేదు. 1881లో ఆయన కూతురు ఓల్గా హ్రబార్‌తో కలిసి ల్వివ్‌కు మారిన కొద్దికాలానికే, గలీసియాలోని హ్నిలిచ్‌కి గ్రామస్థులు గ్రీక్ కాథలిక్ చర్చిని విడిచి ఆర్థడాక్స్ మతంలో చేరతామని ప్రకటించారు. ఒక ఊరి మతమార్పును ప్రభుత్వం రష్యా కుట్రగా చూసింది. 1882 వేసవిలో తండ్రీకూతుళ్లతో పాటు పూజారి ఇవాన్ నౌమోవిచ్, పత్రికా సంపాదకుడు ప్లొష్చాన్‌స్కీ మొదలైన వారిపై రాజద్రోహ నేరారోపణతో విచారణ నడిచింది. చరిత్రలో అది ఓల్గా హ్రబార్ కేసుగా నిలిచింది. రాజద్రోహం రుజువు కాక అందరూ ఆ ఆరోపణ నుంచి బయటపడ్డారు, నౌమోవిచ్ తదితర నలుగురికి శాంతిభంగం నేరం కింద శిక్షలు పడ్డాయి. ముప్పై మూడేళ్ల కిందట చక్రవర్తి దర్బారులో అదే ప్రజల ప్రతినిధిగా నిలిచినవాడు, ఇప్పుడు అదే చక్రవర్తి న్యాయస్థానంలో ముద్దాయిగా నిలిచాడు. ఆయన మాట పెద్దగా మారలేదు. మారింది సామ్రాజ్యం అవసరం. 1849లో హంగరీకి ఎదురుబరువుగా రుసిన్లు కావలసివచ్చారు, 1882లో రష్యాతో పోటీ పెరిగాక వారి పేరే అనుమానాస్పదమైంది.

తరువాత ఆయన వియన్నాలోను, 1887 నుంచి తిరోల్‌లోని ఇన్స్‌బ్రుక్‌లోను ఉంటూ, సామ్రాజ్యాన్ని జాతుల సమాఖ్యగా మార్చాలన్న వ్యాసాలు రాస్తూ గడిపి, 1901 మార్చి 19న మరణించాడు. ఆయన దేహాన్ని చెర్తిజ్నెకు తెచ్చి అక్కడే సమాధి చేశారు. కుటుంబంలో రెండు తరాలు మూడు దేశాలకు చెదిరాయి. ఓల్గా కొడుకులలో ఇగోర్ గ్రబార్ రష్యాలో ప్రసిద్ధ చిత్రకారుడై మాస్కోలోని త్రెత్యకోవ్ చిత్రశాలను నడపగా, వ్లదీమిర్ గ్రబార్ అంతర్జాతీయ న్యాయశాస్త్రంలో పేరు గడించాడు. మరో మనవడు గెయోర్గి గెరోవ్‌స్కీ, రుసిన్ మాండలికాలను ఊరూరా పరిశీలించి 1934లో చెక్ భాషలో సమగ్రమైన వర్ణన వెలువరించాడు. తాత సాహిత్యం గుమ్మం దాటనివ్వని ఊరిమాట మనవడి చేతిలో శాస్త్రానికి విషయమైంది.

నిలిచినది

దోబ్రియాన్‌స్కీ కోరిన రుసిన్ల జిల్లా ఆయన మరణించిన పద్దెనిమిదేళ్లకు మరో రూపంలో కాగితానికెక్కింది. మొదటి ప్రపంచ యుద్ధంతో హాబ్స్‌బర్గ్ సామ్రాజ్యం కూలిన తరువాత, 1919 సెప్టెంబరులో కుదిరిన సాంజెర్మేన్ ఒడంబడిక, కార్పేథియన్ల దక్షిణాన రుసిన్లుండే ప్రాంతానికి చెకొస్లొవేకియాలో స్వపరిపాలన ఇస్తానని హామీ ఇచ్చింది. ఆ హామీ 1938 దాకా అమలుకు నోచుకోలేదు. 1945లో ఆ ప్రాంతం సోవియట్ యూనియన్‌లో కలిసింది. గ్రీక్ కాథలిక్ చర్చిని సోవియట్ పాలనలో 1949లోను, చెకొస్లొవేకియాలో 1950లోను రద్దు చేశారు, రుసిన్లను ఉక్రేనియన్లుగానే నమోదు చేశారు. మతం పేరు, జాతి పేరు రెండూ ఒకేసారి దస్త్రాల నుంచి తొలగిన ఆ కాలం, దస్త్రంలో పేరుండడం ఎంత అవసరమో దోబ్రియాన్‌స్కీ ప్రసంగాలకంటే గట్టిగా చెప్పింది.

కమ్యూనిస్టు పాలన కూలాక, 1991 మార్చిలో చెర్తిజ్నెకు సమీపంలోని మెజిలబోర్త్సె పట్టణంలో ప్రపంచ రుసిన్ల తొలి మహాసభ జరిగింది. 1995 జనవరి 27న బ్రాతిస్లావాలో స్లొవేకియా రుసిన్ల భాషకు ప్రామాణిక రూపాన్ని అధికారికంగా ప్రకటించారు. దానికి ఆధారం ఊళ్లలో మాట్లాడే మాటే, రష్యన్ కాదు. ఆ దేశపు 2011 జనాభా లెక్కల్లో 33,482 మంది తమ జాతి రుసిన్ అని నమోదు చేయించుకొన్నారు. ఉక్రెయిన్‌లో మాత్రం వారిని ఉక్రేనియన్ జాతిలో భాగంగానే పరిగణిస్తూ వచ్చారు కనుక, రుసిన్లు ఎవరన్న ప్రశ్న నేటికీ తెగలేదు.

ఈ ఘట్టాలలో దోబ్రియాన్‌స్కీ భాషాసిద్ధాంతానికి ఎక్కడా చోటు దొరకదు. ఆయన ఆశించిన రష్యన్ ఆదర్శాన్ని పక్కనబెట్టాకనే రుసిన్ భాషకు వ్యాకరణం, బడి, పత్రిక సమకూరాయి. కాని జాతిగా గుర్తింపు, రెండు భాషల బోర్డు, బడిలో తల్లిభాష, లెక్కల పట్టికలో ఒక గడి అని విడివిడిగా చూస్తే, 1849 విజ్ఞప్తి పత్రంలోని కోరికలకూ ఒకటిన్నర శతాబ్దం తరువాతి కోరికలకూ మౌలికమైన తేడా కనిపించదు. తన ప్రజల భాషను తక్కువగా అంచనా వేసినవాడు, ఆ భాష ఏదైనా కానీ దానికి కచేరీలో చోటు అడిగే తీరును వారికి నేర్పి వెళ్లాడు. 1850 మార్చిలో ఉజ్‌హొరోద్ గోడల మీది బోర్డులను దించిన అధికారులు ఒక పరిపాలనా ఉత్తర్వును అమలు చేశామనుకొని ఉంటారు. ఆ బోర్డుల కోసం అప్పుడు మొదలైన అర్జీకి మాత్రం జవాబు రావడానికి ఇంకా ఎంతో కాలం పట్టింది.